పలుగురాళ్ళ అత్త

ఆ రోజుల్లో హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం చూడటానికి వచ్చేవాళ్ళను రెండు వింతలు లాక్కొచ్చేవి. ఒకటి చెరువు. వానలు దండిగా పడ్డ ఏడు అలుగు దుంకుతుంటే ఆ నురగ చూడటానికి టాంగాలు, కచ్చడం బండ్లు, అప్పుడప్పుడు ఒక మోటారు కట్ట కింద వరసగా ఆగేవి. రెండోది గుట్ట. చెరువుకు అవతలి ఒడ్డున పలుగురాళ్ళు తవ్వే ఆ గుట్ట ఎండ పడితే తళతళ మెరిసేది. షేర్వానీల పెద్దమనుషులు దాన్ని తమ పిల్లలకు వేలుతో చూపించి 'చాందీ కా పహాడ్' అనేవాళ్ళు. వెండికొండ. అంత దూరం నుంచి చూస్తే అక్కడ మనుషులున్నట్టు కూడా తెలిసేది కాదు. తల నుంచి పాదం దాకా రాతిపొడి కప్పుకొని వాళ్ళూ గుట్ట రంగులోనే ఉండేవాళ్ళు.

ఆ గుట్ట మీద సుత్తె పట్టుకొని కూర్చున్న ఆడవాళ్ళలో బుగ్గమ్మ ఒకతె.

ఆమెది కందుకూరు దిక్కు పల్లె. పెళ్ళయిన కొత్తలో ఆమె, భర్త ఇస్తారి ఇద్దరూ ఊరి దొర గడీలో వెట్టి చేసేవాళ్ళు. పిలుపు వస్తే పొయ్యి మీద అంబలి పొయ్యి మీదే ఉండాలి, మనిషి గడీలో ఉండాలి. ఒక పొద్దున ఇస్తారి ఊడుస్తున్న చీపురు గడీ వాకిట్లోనే పడేసి, పెళ్ళాన్ని వెంటబెట్టుకొని, డొంకదారిన ఇబ్రహీంపట్నం వచ్చేశాడు. బుగ్గమ్మ పెదనాన్న కొడుకు నారయ్య అక్కడ నీరడి. తూము తలుపు ఎత్తడం, దించడం, ఏ కాలువకు ఎప్పుడు నీళ్ళు వదలాలో చూడటం అతని పని. తూము పక్కనే కట్ట కింద అతని ఇల్లు.

"మళ్ళ ఊరికి పోతె దొర తోలు ఒలుస్తడు," అన్నాడు నారయ్య. "గుట్ట మీద గుత్తేదారు మీది ఏ ఊరని అడుగడు. చేతులున్నయా అని అడుగుతడు. గంతే."

"ఉన్నయి గద బావా, నాలుగు," అన్నాడు ఇస్తారి తమ ఇద్దరి చేతులూ చూపించి.

అట్లా వాళ్ళు గుట్ట మీద గుడిసె మనుషులయ్యారు. మగవాళ్ళు గునపాలతో రాయి పెళ్ళగించేవాళ్ళు. ఆడవాళ్ళు దాన్ని కంకర కొట్టేవాళ్ళు. కాస్త ఎదిగిన పిల్లలు జల్లెడ పట్టేవాళ్ళు. చివరికి తడికెల కొట్టంలో రోకళ్ళతో దంచి, మెత్తటి పొడి చేసి, గోతాల్లో నింపి బండ్లకెత్తేవాళ్ళు. ఆ పొడితో ఎక్కడో గాజు చేస్తారని మేస్త్రీ చెబితే బుగ్గమ్మ తన చేతులు చూసుకొని నవ్వింది.

"అయితే నా గాజులు నేనే కొడ్తున్ననన్నట్టు!"

గడీ కంటే గుట్ట నయం. ఇక్కడ తిట్టేవాళ్ళున్నారు గాని కొట్టేవాళ్ళు లేరు. సాయంత్రం సుత్తె కింద పెడితే మనిషి తనకు తాను మిగిలేవాడు. ఆ మాట ఇస్తారి రోజూ అనేవాడు.

పిల్లలు మాత్రం మిగల్లేదు. బుగ్గమ్మకు గుట్ట మీద వరసగా ముగ్గురు పుట్టారు. ముగ్గురూ పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నారు. రాళ్ళ మధ్య కర్రలు పాతి, వాటికి చీర ఊయల కట్టి, చెయ్యి అందేంత దూరంలో పడుకోబెట్టుకొని ఆమె సుత్తె పట్టేది. మొదట పొడిదగ్గు వచ్చేది. తర్వాత పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేసి ఎగపోసేవాళ్ళు. డొక్కలు లోపలికి గుంజుకుపోయేవి. ఒక్కరూ నడక నేర్వలేదు. ఊపిరికి గుంజులాడుతున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకొని, తన ఊపిరి కూడా దానికే ఇవ్వాలన్నట్టు బుగ్గమ్మ గట్టిగా పీల్చి వదిలేది. బిడ్డకు అది అందేది కాదు.

జర్మనీ లడాయి మొదలైన ఏడు నాలుగో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసిన సుక్కమ్మ గుట్ట మీద అందరికంటే పెద్దది. బొడ్డు కోస్తూనే చెప్పింది.

"నీ కడుపును ఏదో కనిపెట్టుకొని కూసుందే బుగ్గి. నీ పిల్ల అని తెలిస్తె దీన్ని గూడ తీస్కపోతది. పెంట మీద పారెయ్యి. పిల్లలు బతికిన ఆడిదాన్ని చూసి ఎత్తుకొమ్మను. నడక వచ్చేదాక గామె దగ్గర్నే ఉండనియ్యి. అటెన్క చాటెడు జొన్నలు పోసి కొనుక్కో."

పిల్లలు బతికిన ఆడది అంటే ఎదురుగా కనబడేది ప్రేమమ్మ, నారయ్య భార్య. నలుగురిని కంటే నలుగురూ బతికారు, పెద్దవాళ్ళు తూము దగ్గర ఈతలు కొడుతున్నారు. చిన్నవాడు ఇంకా పాలు మరవలేదు. చిక్కల్లా ఒక్కటే. ప్రేమమ్మ వాళ్ళు కిరస్తానీలు. ఆదివారాలు ప్రార్థనకు పోతారు.

"పాదిరికి తెలిస్తె నన్ను గుళ్ళెకు రానియ్యడు," అంది ప్రేమమ్మ. "పెంట మీద పిల్లను ఏరుకొని తెచ్చుడు ఏ పుస్తకంల ఉన్నదే?"

"నీ కాల్మొక్త వదినె."

"కాళ్ళు మొక్కకు, బురద ఉన్నది," అంటూనే ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని బయల్దేరింది.

గుడిసెల వెనక పెంటకుప్ప మీద చాటలో పిల్లను పండబెట్టి బుగ్గమ్మ వెనక్కి తిరిగి చూడకుండా నడిచిపోయింది. తిరిగి చూడకూడదు. ప్రేమమ్మ సుక్కమ్మ నేర్పిన మాటలు గుట్టంతా వినబడేలా అరిచింది.

"ఎవల్లో పిల్లను పెంట మీద పారేసి పోయిండ్రు! దిక్కు లేని పిల్ల! నేను ఎత్తుకపోతున్న!"

అందరూ నవ్వారు. పిల్లకు పెంటమ్మ అని పేరు పెట్టారు. ఆ సాయంత్రం బుగ్గమ్మ గుడిసె వెనక్కి పోయి, గట్టిపడ్డ రొమ్ములు పిండి పాలు నేల మీద పోసింది.

రోజూ పోకూడదని సుక్కమ్మ కట్టడి. వారానికొకసారి, చుట్టపుచూపుగా, కట్ట మీదుగా నడిచి పోయేది. పిల్ల పెరిగింది. తొడలకు మడతలు పడ్డాయి. తూము గోడ పట్టుకొని అడుగులు వేసింది. ఆ వార్త విన్ననాడే బుగ్గమ్మ చాటనిండా జొన్నలు పోసుకొని, నెత్తిన పెట్టుకొని, దాదాపు పరుగున వచ్చింది.

"ఏమమ్మో, నీ పిల్లను అమ్ముతవా?" అని వాకిట్లో నిలబడి అడిగింది. అదీ నేర్పిన మాటే.

"జర తక్కువున్నయి జొన్నలు," అని ప్రేమమ్మ చాట తూచినట్టు నటించి, పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది.

పెంటమ్మ గుట్ట మీద ఉన్నది కొద్దిరోజులే. ముందు పొడిదగ్గు వచ్చింది. ఆ దగ్గు బుగ్గమ్మకు బాగా ఎరుక. పిల్ల డొక్క ఎగరేయడం చూడగానే ఆమె సుత్తె విసిరేసి, పిల్లను భుజాన వేసుకొని కట్ట మీద పరుగెత్తింది.

"వదినె, నా జొన్నలు నాకియ్యి!" అని వాకిట్లోనే అరిచింది. "బేరం లేదు. పిల్ల నీది. నా జొన్నలు నాకు పొయ్యి!"

"జొన్నలేడియే? రొట్టెలు చేస్కొని తింటిమి గద!"

"ఏవన్న పొయ్యి. చూసేటోళ్ళు చూడాలె. నువ్వు మల్ల తీస్కున్నట్టు కనబడాలె!"

ప్రేమమ్మ కుండలో మిగిలిన పిండి చాటలో పోసింది. నవ్వబోయి నవ్వలేక, పిల్లను తీసుకొని లోపలికి పోయింది. తూము దగ్గరి నీళ్ళగాలికి పెంటమ్మ మెల్లగా తేరుకుంది. దగ్గు తగ్గింది. మళ్ళీ గోడ పట్టుకొని నడిచింది.

బుగ్గమ్మ మొక్కులన్నీ మొక్కింది. తర్వాత ఒకనాడు ఊయల గుడ్డలు ఉతకడానికి కూర్చుంది. పిల్లకు చల్లగా ఉంటుందని ఊయల మీద తడిపి కప్పిన గుడ్డ అట్ట కట్టినట్టు బిరుసుగా ఉంది. బకెట్లో ముంచి పిసికితే నీళ్ళు పాలలా అయ్యాయి. మరో గుడ్డ తెచ్చుకొని వచ్చేసరికి నీళ్ళు తేటబడి, అడుగున తెల్లటి పేరుడు నిలిచింది. వేళ్ళతో కలిపితే లేచింది, వదిలేస్తే మళ్ళీ కూర్చుంది. ఉప్పులా కరగలేదు, సున్నంలా అంటుకోలేదు. చిటికెడు తీసి పంటి కింద వేసుకుంటే కరకరలాడింది.

చాలాసేపు ఆమె ఆ బకెట్ ముందే కూర్చుంది. తడిగుడ్డకు పట్టింది పసిదాని గుండెలకు పట్టదా? నీళ్ళల్లో కరగనిది లోపల కరుగుతుందా? తూము దగ్గర గుడ్డలు ఇట్లా అట్టగట్టవు. గుట్ట మీది దుమ్ము చెరువు దాటకముందే నీళ్ళ మీద రాలిపోతుంది. పిల్లలను తీసుకుపోయిన దయ్యం ఏదీ లేదు. తాను రోజంతా చేత్తో లేపిన దుమ్మే అది. ముందు పోయిన ముగ్గురూ తన పక్కనే, చెయ్యి అందేంత దూరంలోనే ఉండి పోయారు.

సుక్కమ్మకు చెబితే ఆమె నమ్మలేదు. ఇస్తారి నమ్మాడు, ఎందుకంటే అప్పటికే అతను మెట్టు ఎక్కితే నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు.

"యాడికన్న పోదామా?" అంది బుగ్గమ్మ.

"యాడికి? గడీకా?"

ఇద్దరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ బుగ్గమ్మ ఇక చాట పట్టుకొని ఆ వాకిలికి పోలేదు. పిల్లను కొనుక్కోలేదు.

మాటలు వచ్చే వయసు పిల్ల ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి వరసలే నేరుస్తుంది. నారయ్య బుగ్గమ్మకు అన్న కాబట్టి అసలు వరసకు పెంటమ్మ అతన్ని మామ అనాలి, ప్రేమమ్మను అత్త అనాలి. ఆ నలుగురు పిల్లలతో కలిసి పెరిగిన పెంటమ్మ వాళ్ళలాగే నారయ్యను బాపు అంది, ప్రేమమ్మను అమ్మ అంది. వాళ్ళు బుగ్గమ్మను అత్త అంటే తానూ అత్త అంది. అమ్మ, అత్త, రెండు మాటలు, అంతే, అటుదిటు ఇటుదటు అయ్యాయి. ప్రేమమ్మ మొదట్లో దిద్దబోయింది. బుగ్గమ్మే వద్దంది. తల్లి అని తెలిస్తే తల్లి దగ్గరికి వస్తానంటుంది. రావద్దు గదా.

గుట్ట నుంచి వచ్చేముందు బుగ్గమ్మ చెరువులో మునిగి, తల తుడుచుకొని వచ్చేది. అయినా కనుబొమల్లో, చెవుల వెనక తెలుపు ఉండిపోయేది. పిల్లలు ఆమెను పలుగురాళ్ళ అత్త అనేవాళ్ళు. పెంటమ్మ దగ్గరికి వచ్చేది గాని ఒళ్ళో కూర్చునేది కాదు. "నీ చేతులు గరగర ఉంటయి," అనేది.

"అవ్ బిడ్డా, గరగర ఉంటయి," అని బుగ్గమ్మ చేతులు వెనక్కి పెట్టుకునేది.

లడాయి ముగిసిన ఏడు ఇస్తారి పోయాడు. దమ్ము రోగం అన్నారు అందరూ. గుట్ట మీద పోయిన మగవాళ్ళందరికీ అదే పేరు. గాజులు పగలగొట్టిన సుక్కమ్మ ముక్కలు ఏరి పారేస్తుంటే బుగ్గమ్మ వాటినే చూస్తూ "గివి గూడ గీ గుట్టవేనేమో," అంది.

మూడోనాడు కూడా కాకముందే మేస్త్రీ అంజిలయ్య గుడిసె ముందుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. అతనూ దగ్గుతాడు. కానీ పైన గుత్తేదారు ఉన్నాడు.

"ఒక్క మనిషికి గుడిసె ఇయ్యరు బుగ్గమ్మా. నీకు ఎరుకే గద. జల్లెడకు నీ పిల్లను తోలు."

"నాకేడ పిల్ల మేస్త్రీ? ముగ్గురినీ గీడనే బొంద పెట్టిన."

"నీరడి ఇంట్ల ఉన్నది ఎవల పిల్ల? పెంట మీద ఏసిననాడు నేను చూడలేదా? గీ గుట్ట మీద ఎవల పిల్లలు వాళ్ళ తల్లి ఎంబడి పని చేస్తరు. నా ఇద్దరు పోరగాళ్ళు పట్టుతలేరా జల్లెడ?"

ఆ మాట అంటున్నప్పుడు అతని చూపు పక్కకు పోయింది. అతని చిన్నకొడుకు దగ్గు అక్కడికి వినబడుతూనే ఉంది.

ఆ వానాకాలం అలుగు దుంకింది. కట్ట మీద తిరునాళ్ళలా జనం. మిఠాయి గంపలు, పేలాలు, రంగు షర్బత్తులు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, హైదరాబాదువాళ్ళు, గుట్ట మీదివాళ్ళు అందరూ అక్కడే. బుగ్గమ్మ కూడా వచ్చి ప్రేమమ్మ పక్కన నిలబడింది. కొంచెం దూరంలో గుట్ట పిల్లలు పెంటమ్మను చుట్టుకొని ఏడిపిస్తున్నారు.

"పెంట మీది పెంటీ! నువ్వు గీ ప్రేమమ్మ బిడ్డవు కావు! పలుగురాళ్ళ బుగ్గమ్మ బిడ్డవు! రేపట్సంది మాతోని జల్లెడ పడ్తవు!"

పిల్ల ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి ప్రేమమ్మ నడుము కరుచుకుంది. "నేను నీ బిడ్డను గాదా? చెప్పు! నన్ను గుట్ట మీదికి తోల్తవా?"

ప్రేమమ్మ నోరు తెరిచేలోపే అంజిలయ్య అక్కడికి వచ్చాడు. పిల్ల రెక్క మెల్లగానే పట్టుకున్నాడు.

"మంచిగైంది, అందరున్నరు. చెప్పు బుగ్గమ్మా. గీ పిల్ల నీదేనా కాదా? నీది కాకపోతె గీడ కట్టమైసమ్మ ఉన్నది, చెరువు ఉన్నది. నీళ్ళు పట్టుకొని ఒట్టు పెట్టు. నేను మల్ల అడుగ."

పేలాలు తింటున్నవాళ్ళు తినడం ఆపారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఇదేదో తమాషా అనుకొని దగ్గరికి వచ్చాడు.

బుగ్గమ్మకు కట్టమైసమ్మ అంటే భయం. గుట్ట మీది దయ్యాన్ని నమ్మడం మానేసింది గాని అమ్మవారిని మానలేదు. అబద్ధపు ఒట్టు పెడితే అబద్ధం నిజమవుతుందని ఆమె లోపల గట్టిగా అనుకుంటుంది. ఈ నీళ్ళు పట్టాక పిల్ల నిజంగానే తనది కాకుండా పోతుంది. ఎన్ని చాటల జొన్నలు పోసినా తిరిగి రాదు.

ఆమె మెట్లు దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకొని పైకి వచ్చింది. గరుకు చేతుల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పిల్ల ఏడుపు ఆపి, ఆమె నోటికేసి చూస్తోంది.

"గీ పిల్ల నా కడుపుల పుట్టలే," అంది బుగ్గమ్మ. "నా పిల్లలు సచ్చిపోయిండ్రు. గిది మా వదినె బిడ్డ. మైసమ్మ మీద ఒట్టు. చెరువు మీద ఒట్టు."

నీళ్ళు నేల మీద వదిలింది.

"ఎంత మాట అన్నవే!" అంది ప్రేమమ్మ. ఆ ఒట్లు నమ్మని మనిషి. అయినా పారబోసిన ఆ నీళ్ళు తొక్కకుండా వెనక్కి జరిగింది.

అంజిలయ్య పిల్ల రెక్క వదిలేశాడు. "మరి గుడిసె?" అన్నాడు, అడగక తప్పదన్నట్టు.

"కొట్టంల దంచుతా. ఇస్తారి పని, నా పని రెండూ నేనే చేస్తా. గుడిసెకు ఇద్దరు మనుషులని రాసుకో."

కొట్టంలో దంచేవాళ్ళు ఎంతకాలం ఉంటారో అతనికి తెలుసు. తల ఊపి జనంలో కలిసిపోయాడు.

పెంటమ్మ అప్పుడు నవ్వింది. చెంపల మీద కన్నీళ్ళు ఆరకముందే నవ్వు. గుట్ట పిల్లల వైపు తిరిగి నాలుక బయటపెట్టి, "ఇన్నరా? నేను మా అమ్మ బిడ్డనే! అత్తనే చెప్పింది!" అని ఎగిరింది. పరికిణీ కొసలో కట్టుకున్న పేలాలు గుప్పెడు తీసి, మొదటిసారి తనంతట తానుగా వచ్చి, బుగ్గమ్మ చేతిలో పోసింది.

"తిను అత్తా."

బుగ్గమ్మ తింది. పిల్ల చూస్తున్నంతసేపూ నములుతూనే ఉంది.

ఆ తర్వాత ఆమె తూము దగ్గరికి రావడం తగ్గించింది. ఒట్టు పెట్టిన మనిషి మాటిమాటికి వస్తే ఎవరైనా ఏమైనా అనవచ్చు. కొట్టం ముందు నిలబడితే చెరువు అవతల తూము కనబడుతుంది. ఆడుకునే పిల్లలు చీమల్లా కనబడతారు. వాళ్ళలో ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. పరికిణీ కట్టుకున్న ప్రతి చీమనూ ఆమె కాసేపు చూసి లోపలికి పోయేది.

రజాకార్ల గొడవలు ముదిరిన కాలానికి బుగ్గమ్మ మంచం పట్టింది. ఎముకలు తేలి, గోడకు ఒరిగి కూర్చుంటే గాని ఊపిరి అందేది కాదు. ప్రేమమ్మ రోజూ గంజి తెచ్చేది. పెద్ద దవాఖానకు పోదామంటే బుగ్గమ్మ వద్దంది. ఒకనాడు మధ్యాహ్నం ప్రేమమ్మ ఇక ఆగలేకపోయింది.

"పిల్లకు చెప్తనే. నీ కాళ్ళ కాడికి తీస్కొస్త. ఒక్కసారన్న అమ్మా అనని."

"వద్దు వదినె."

"ఇంకా దేనికి భయం? ఇప్పుడు దాన్ని ఎవలు జల్లెడకు తోలరు. నేను తోలనిస్తనా?"

బుగ్గమ్మ చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"అత్త సచ్చిపోతె పిల్లలు ఒక్కపూట ఏడుస్తరు. మల్ల ఆటకు పోతరు. అమ్మ సచ్చిపోతె..." దగ్గు వచ్చి ఆగింది. "మా అమ్మ పోయిననాడు నేను గింతదాన్ని. ఇయ్యాల్టికీ నాకు గది పోలేదు. దానికెందుకు గా బాధ? ఒక్కపూట సాలు. ఆటకు పోని."

ప్రేమమ్మ ఆమె చేతులు తన ఒళ్ళోకి తీసుకొని కూర్చుంది. ఎప్పటికో లేచి గిన్నె కడుక్కొని పోయింది.

బుగ్గమ్మ పోయిన పొద్దున నారయ్య ఇంటిల్లిపాదీ గుట్టకు వచ్చారు. ముగ్గురు పిల్లలను పెట్టిన చోటికి దగ్గర్లోనే గుంత తీశారు. నారయ్య తల్లిగారింటి తరఫున మట్టి వేశాడు. మిగతా పిల్లలతో కలిసి పెంటమ్మ కూడా పిడికెడు వేసింది, ఏడ్చింది. పేలాలు తిన్న అత్త, గరగర చేతుల అత్త అని ఇంటికి పోయేదాకా తలచుకుంటూ వెక్కింది. ప్రేమమ్మ స్నానం పోసి, తల దువ్వి, అన్నం పెట్టింది. పిల్ల సగం తిని లేచింది.

పొద్దు వాలేసరికి తూము దగ్గర అరుపులు వినబడ్డాయి. ప్రేమమ్మ గడపలోకి వచ్చి చూసింది. పిల్లలు తూము గోడ మీద వరసగా నిలబడి నీళ్ళల్లోకి దుముకుతున్నారు. పెంటమ్మ అందరికంటే ఎత్తు నుంచి దుమికి, అందరికంటే ఆలస్యంగా పైకి తేలి, పకపకా నవ్వుతోంది. అంతసేపు ఊపిరి బిగబట్టగల పిల్ల ఆ ఒడ్డున మరొకరు లేరు.

రోజూ అయితే ఆ వేళకు ప్రేమమ్మ కేకలేసి లోపలికి లాక్కొచ్చేది. ఆనాడు పిలవలేదు. చీకటి పడి పిల్లల ముఖాలు కనబడకుండా పోయేదాకా ఆడుకోనిచ్చింది.